ఏడాదికి ఒక్క పిల్ల

ఆ తుమ్మ మొద్దును ఇంకింత లోపలికి జరుపు బిడ్డా. ఆఁ, అట్ల. ఇగ తెల్లారేదాక రాజుకుంటనే ఉంటది.

ఇప్పుడే మన నెత్తుల మీదికెల్లి ఏదో పోయింది, చూసిన్రా? చప్పుడు లేదు, నీడ ఒక్కటే కదిలింది. చిన్నది జడుసుకుని అమ్మ కొంగుల దూరింది. దూరనీయి. దానంత ఉన్నప్పుడు నేను గూడ మా అవ్వ కొంగులనే దూరేటోణ్ణి. గబ్బిలం మొకానికి పట్టుకుంటే విడువదనీ, ఇంట్లకొస్తే ఆ ఇంట దీపం పెట్టేటోళ్లుండరనీ అవ్వ చెప్పేది. నాకిప్పుడు డెబ్బై ఆరేండ్లు. అందుల నలభై ఏండ్లు గబ్బిలాల ఎంబడి తిరిగిన. పాడుబడ్డ గడులల్ల కూసున్న, గుహలల్ల తెల్లార్లు మేలుకున్న. ఒక్క గబ్బిలం గూడ నా మొకం పట్టుకోలేదు. చీకట్ల సన్న తీగ అడ్డం కడితే తప్పుకుని పోయే జీవి, ఇంత పెద్ద మొకానికి వచ్చి ఎట్ల తగుల్తది?

దానికి చీకట్ల తొవ్వ ఎట్ల తెలుస్తదని అడిగినోళ్లు రెండు వందల ఏండ్ల కిందనే ఉన్నరు. 1793ల ఇటలీల లాజారో స్పల్లంజాని అనే పండితుడు కండ్లు లేని గబ్బిలం గూడ ఎప్పటి లెక్కనే ఎగురుతున్నదని చూసిండు. జెనీవాల జురీన్ అనే ఆయన చెవులు మూసి వదిలితే అవి అడ్డమున్నవాటికల్లా గుద్దుకున్నయి. చెవులతోని తొవ్వ చూసుడేందని ఎక్కువమంది ఒప్పుకోలేదు. ఆ మాట అట్లనే పడి ఉండి, 1938ల అమెరికాల హార్వర్డ్‌ల చదువుకుంటున్న డోనల్డ్ గ్రిఫిన్ చేతికొచ్చింది. వానికప్పుడు ఇరవై రెండో మూడో ఏండ్లు. అక్కడ పియర్స్ అనే భౌతికశాస్త్ర పంతులు దగ్గర మనిషి చెవికి అందని చప్పుళ్లను పట్టే యంత్రం ఉండె. గబ్బిలాలను పంజరంల పెట్టుకుని దాని ముందటికి తీసుకపోయిండు. నిశ్శబ్దంగ ఉన్నయనుకున్న గబ్బిలాలు ఎడతెగకుంట అరుస్తున్నయి. ఆ అరుపు గోడకు తాకి, పురుగుకు తాకి తిరిగొస్తుంటే విని తొవ్వ చూసుకుంటున్నయి. మన నెత్తి మీదికెల్లి పోయిన గబ్బిలం గూడ గంతసేపు అరుసుకుంటనే పోయింది బిడ్డా. మన చెవులే చాలవు.

ఇంటర్ చదివేటప్పుడు మా తెలుగు సారు జాషువా రాసిన ‘గబ్బిలం’ గురించి చెప్పిండు. 1941ల వచ్చిన కావ్యం అది. గుడి గడప తొక్కనీయని మనిషి తన గోస కాశీల శివునికి చెప్పుకోవాలె. హంసనో మేఘాన్నో పంపలేదు ఆ కవి. ఆ మనిషికి లేని దారి గబ్బిలానికి ఉన్నది, అది గర్భగుడిదాక పోతది, ఎవ్వరు ఆపరు. ఆ రోజు తరగతిల ఎవ్వరం మాట్లాడలేదు. అశుభమని మా అవ్వ చెప్పిన జీవిని ఒక మనిషి తన ప్రాణంలెక్క నమ్ముకున్నడని నాకు అప్పుడే తెలిసింది.

ఇగ చెరువు కట్ట మీది మర్రి ముచ్చట. మీరిప్పుడు చూస్తున్నది సగమే. మా చిన్నప్పుడు దాని ఊడలల్ల బండ్లు నిలిపేటోళ్లు. పైనంత పెద్ద గబ్బిలాలు, నక్క మొకం అసుంటి మొకం, ఎర్రటి మెడ, రెక్కలు చాపితే నాలుగడుగులు. పగలంత తలకిందులుగ వేలాడుతయి, కొట్లాడుకుంటయి, ఎండకు రెక్కలతోని విసురుకుంటయి. పొద్దుగూకినాక ఒక్కొక్కటి లేచి చెరువు మీద తిరిగి, నీళ్లకు పొట్ట తాకిచ్చి, ఆ తడి నాకి పడమటి దిక్కు పోయేవి. ఆ చెట్టు మీద రాయి వేయనిచ్చేటోళ్లు కాదు. దసరాకు, దీపావళికి అక్కడ పటాకులు కాల్చేటోళ్లు కాదు. ఎందుకని అడిగితే “చెట్టుకు దేవుడున్నడు” అనేటోళ్లు, అంతే. తమిళదేశంల మదురై దగ్గర గూడ అట్లాంటి ఊరు ఒకటున్నదనీ, అక్కడి మర్రి మీది గబ్బిలాలకు ఆ ఊరోళ్లే కాపలా అనీ తర్వాత చదివిన.

అయితే చదువుకున్నోళ్ల లెక్క వేరే ఉండె. 1972ల వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. పులిని కాపాడిన ఆ చట్టమే, పండ్లు తినే గబ్బిలాలను కాకులు, ఎలుకలతోని కలిపి చీడల పట్టికల రాసింది. ఎవ్వరు చంపినా అడిగేటోడు లేడు. ఆ పట్టిక యాభై ఏండ్లు నడిచింది. నడుమ సలీం అలీ పేరు పెట్టిన పండ్ల గబ్బిలాన్నీ, రాటన్ పేరు మీది ఇంకొకదాన్నీ పై పట్టికలకు తెచ్చిన్రు గని, మన మర్రి మీదివి చీడలుగనే మిగిలినయి. 2022 సవరణతోని గాని ఆ పట్టిక పోలేదు. నేను రిటైరై చాన ఏండ్లయింది అప్పటికి. ఆ వార్త పేపర్ల చదివి, పేపరు మడిచి పట్టుకుని కట్టకాడికి పోయిన. చెట్టు కింద ఎంతసేపు కూసున్ననో.

నేను జంతుశాస్త్రంల ఎం.ఎస్సీ. చేసి కాలేజీల లెక్చరర్‌గ చేరిన. చేపల మీద పరిశోధన చేద్దామనుకున్న. 1981ల యూనివర్సిటీ లైబ్రరీల ఒక వ్యాసం చదివిన, దాంతోని నా తొవ్వ మారింది. రాసింది మదురై కామరాజ్ విశ్వవిద్యాలయం వాళ్లు: మారిముత్తు, రాజన్, చంద్రశేఖరన్. ఈ చంద్రశేఖరన్ జర్మనీల ట్యూబింగెన్‌ల బ్యూనింగ్ అనే గొప్పాయన దగ్గర, ప్రాణుల ఒంట్ల ఉండే గడియారాల గురించి నేర్చుకుని వచ్చినోడు. మారిముత్తు ఆయన శిష్యుడు. ఆ ముచ్చట చెప్త, మంచిగ వినున్రి.

గుహ లోపల పగలు రాత్రి తేడా లేదు. కటిక చీకటి. అట్లాంటప్పుడు లోపల తలకిందులుగ వేలాడే గబ్బిలానికి బయట పొద్దుగూకిందని ఎట్ల తెలుస్తది? వీళ్లు కొన్ని గబ్బిలాలను గుహల చీకట్లనే పంజరాలల్ల పెట్టిన్రు. ముక్కు మీద ఆకు మడత ఉండే జాతి అది. చుట్టు వాటి బంధువులు వేలు వేలు, స్వేచ్ఛగ పోయి వచ్చేటియి. పంజరంల గబ్బిలం ఎప్పుడు రెక్కలాడిస్తున్నదో యంత్రం రాసుకుంటది. బయటి గబ్బిలాలు పొద్దుగూకి ఎగిరిపోయే యాళ్లకు ఇవి గూడ పంజరంల ఎగిరినయి. రోజూ అదే యాళ్ల. సూర్యుణ్ణి చూడలేదు, వెలుతురు లేదు, ఐనా ఒక్క ఘడియ తప్పలేదు. అదే జాతిని ఏ గబ్బిలమూ లేని ఉత్త గుహల పెట్టిన్రు. లేచే యాళ్ల రోజింత రోజింత జరుక్కుంటపోయి, కొన్నాళ్లకు లోకం పండుకున్నప్పుడు అది ఎగురుతున్నది. అంటే ఏంది? తనవాళ్ల అలికిడే దానికి పొద్దు. రెక్కల చప్పుడు, అరుపులు విని, మా వాళ్లు బయల్దేరిన్రు అని ఒంట్ల గడియారం సరిచేసుకుంటది.

రెండేండ్లకు ఇంకొక వ్యాసం వచ్చింది, 1983ల. ఈసారి వేరే జాతి గబ్బిలాన్ని తెచ్చి అదే గుహల పెట్టిన్రు. చుట్టు అంత సందడి, రోజూ పోవుడు రావుడు. అది పట్టించుకోనేలేదు. దాని యాళ్ల దాని లెక్కనే జరుక్కుంటపోయింది. పరాయివాళ్ల పొద్దు దానికి పొద్దు కాదు. పట్నంల ఒంటరిగున్న మీ చిన్నాయన ముచ్చట నాకు ఎన్నిసార్లు యాదికొస్తదో ఇది తలుచుకున్నప్పుడు.

ఆ మారిముత్తే తర్వాత జర్మనీ నుంచి వచ్చిన నోయ్‌వైలర్‌తోని కలిసి ఇంకొక గబ్బిలాన్ని పట్టుకున్నడు. పెద్ద చెవులది, కప్పలను తినేది. కప్ప కదలకుంట కూసుంటే పక్కకెల్లి పోయినా ముట్టదు. గెంతిందా, ఆ ఆకుల చప్పుడుకు వచ్చి పడతది. చచ్చిన కప్పకు దారం కట్టి గుంజినా వచ్చింది. చీకట్ల కూసుని కప్పకు దారం కట్టి గుంజుడు, చెవి పెట్టి వినుడు, యాళ్ల రాసుకునుడు. సైన్సంటే ఇదేనా అని నాకు ఒళ్లు పులకరించింది. పెద్ద యంత్రాలు లేకున్నా మన ఊరి గుహ కాడ, మన చెట్టు కింద చేయొచ్చని తెలిసింది.

అట్ల నేను మన దొర గడిల కూసున్న. గడి అప్పటికే పాడుబడ్డది. కప్పు కింద దూలాలకు ముక్కుమడత గబ్బిలాలు వేలాడేటియి. కందీలు బయట పెట్టి, తలుపు కాడ చేటంత చాప మీద కూసుని లెక్క రాసేటోణ్ణి. మా అమ్మ సద్ది పంపేది గని, పంపినప్పుడల్లా ఏడ్చేది. “ఎం.ఎస్సీ. చదివి గడిల చీకట్ల కూసునుడేంది కొడుకా” అని.

ఇగ నేను చేసిన తప్పు ఒకటున్నది. దాన్ని దాచి ఈ ముచ్చట చెప్పలేను.

నా పరిశోధన గబ్బిలాల పునరుత్పత్తి మీద. ఏ నెలల జతకడతయి, ఎన్నినెలలు మోస్తయి, ఎప్పుడు కంటయి. ఆ కాలంల అది తెలుసుకునే పద్ధతి ఒక్కటే. నెల నెల కొన్నింటిని పట్టి, చంపి, కోసి, గర్భాశయాన్ని సన్నగ పొరలు తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలె. అందరు అట్లనే చేసేటోళ్లు. నేను చేసిన. ఒక ఎండకాలం మన జామతోటల తిరిగే చిన్న పండ్ల గబ్బిలాలను పట్టిన. ఆడవాటిని కోస్తున్నకొద్దీ ప్రతిదాని కడుపుల ఒక్కటే పిల్ల. రెండు లేవు. పదోది కోసినంక చెయ్యి ఆగింది. తల్లి యాభై గ్రాములుండదు. పుట్టే పిల్ల తల్లి బరువుల నాలుగో వంతు ఉంటది. అరవై కిలోల ఆడమనిషి పదిహేను కిలోల బిడ్డను కన్నట్టు. ఆ బరువు కడుపుల మోసుకుంట రాత్రంత ఎగరాలె. ఇంకొకదానికి జాగెక్కడిది? పుట్టినంక గూడ దానికి రెక్కలు తల్లి రెక్కలంత పెరిగితే తప్ప ఎగురలేదు, అందాక పాలు తల్లివే. అందుకే ఒక్క పిల్ల. ఎక్కువ జాతుల లెక్క అదే. ఇంత చిన్న ఒంటికి ఇంత నిదానం పాలిచ్చే జంతువులల్ల ఇంకెక్కడా లేదు. ఎలుకంత ప్రాణి, ఎలుక ఏడాదికి ఎన్ని పిల్లలను పెడ్తదో మీకు తెల్సు. గబ్బిలం ఏడాదికి ఒకటి, తప్పితే రెండు కాన్పులు. దానికి బదులు దాని ఆయుష్షు ఎక్కువ. సైబీరియాల ఏడు గ్రాముల గబ్బిలం ఒకటి, కాలికి రింగు వేసి వదిలింది, నలభై ఒక్క ఏండ్లకు మళ్ల దొరికింది.

ఆ రాత్రి గాజు సీసాలు వరుసగ చూసుకుంట ఎంతసేపు కూసున్ననో యాదిలేదు. నేను పది గబ్బిలాలను చంపిన అనుకున్న, ఇరవై చచ్చినయి. తెల్లారి మా గైడ్ దగ్గరికి పోయి ఇగ కోయను సార్ అన్న. థీసిస్ మూడేండ్లు వెనుకబడ్డది. వల వేసి పట్టుడు, ముంజేయి కొలుచుడు, కడుపు మెల్లగ వేలితోని తాకి చూసుడు, వదిలిపెట్టుడు. పాలున్నదా లేదా చన్ను చూస్తే తెలుస్తది. నిదానమే గని అన్నీ తెలుస్తయి. ఆ సీసాలు ఇప్పటికీ కాలేజీల అల్మారల ఉన్నయి. వాటి మీది రాత నాదే.

ఈ పనిల పడ్డంక ఇంకొక వింత తెలిసింది. కొన్ని గబ్బిలాలు కాలాన్ని ఆపుతయి. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంల అమితాబ్ కృష్ణ, డొమినిక్ అనేటోళ్లు పాత కట్టడాలల్ల ఉండే పసుపు పొట్ట గబ్బిలాన్ని చూసిన్రు. చలికాలంల జతకడతది. మగదాని వీర్యాన్ని ఆడది తన ఒంట్ల దాచుకుంటది. మార్చి వచ్చినంకనే అండం విడిచి గర్భం కడతది. ఎందుకంటే పిల్ల పుట్టేది తొలకరి పడి పురుగులు మస్తుగ లేచే కాలంల ఉండాలె, తల్లికి పాలు రావాలె కద. స్కాట్లండ్‌ల అబెర్డీన్‌ల పాల్ రేసీ అనే ఆయన దీన్నే చలిదేశపు గబ్బిలాలల్ల జీవితమంత చదివిండు. అక్కడ చలికి అవి నిద్రపోతయి, దాచిన వీర్యం ఆరు నెలలు దాటినంక గూడ సత్తువ తప్పదు. ఆ రేసీ తర్వాతి రోజులల్ల గబ్బిలాలను కాపాడే పనికే అంకితమైండు. పునరుత్పత్తి చదివినోళ్లు చానమంది చివరికి రక్షణ దిక్కే వచ్చిన్రు, నేను చూసిన. ఎంత నిదానంగ పుడతయో తెలిసినంక ఊకోలేరు.

నీళ్లు ఇంత ఇయ్యి బిడ్డా. గొంతు ఆరింది.

అశోక చెట్టు కింద మీరు పొద్దున చిమ్మేటప్పుడు నమిలి ఊసిన పిప్పి కనబడ్తది చూడు, జామ గింజలు, నేరేడు గింజలు. పైన ఆ చిన్న పండ్ల గబ్బిలాలల్ల మగది కొమ్మలను కొరికి, ఆకులను వంచి డేరా కడతది. చాన రోజులు పడ్తది కట్టుడు. డేరా మంచిగుంటే ఆడవి వచ్చి చేరుతయి. ఇప్పచెట్టు దగ్గర ఇంకా వింత. ఇప్పపువ్వు పూసేది రాత్రి. గబ్బిలాలు వచ్చి ఆ తియ్యటి పువ్వు తినుకుంట పుప్పొడిని చెట్టు నుంచి చెట్టుకు తీసుకపోతయి. పండ్లయినంక పండును దూరం మోసి తిని గింజ జారవిడుస్తయి. అడవిల మన గోండు అక్కలు పొద్దున బుట్టలతోని ఇప్పపువ్వు ఏరేటప్పుడు, రాత్రి పనిచేసిపోయినోళ్లు ఎవరో ఎవరికీ కానరారు.

గడి కథ చెప్పుడు నాకు ఇష్టం లేదు గని చెప్త. ఎవరో కొన్నరు, కూల్చిన్రు. దూలాలు దించిన రోజు పట్టపగలు గబ్బిలాలు ఊరంత గిరగిర తిరిగినయి, కాకులు పొడిచినయి. ఆ జాతి మన ఊళ్లె మళ్ల నాకు కనబడలేదు.

మర్రికి ఆపద 2020ల, కరోనా కాలంల వచ్చింది. ఆ రోజులు మీకు యాదికున్నయి కద. టీవీల పొద్దుమాపు గబ్బిలం బొమ్మ. అంతకు ముందు 2018ల కేరళల కోజికోడ్‌ల నిపా వచ్చినప్పుడే కొంత భయం ఉండె. ఆ భయం ఉత్తది అని నేను అనను. నిపా పెద్ద గబ్బిలాల నుంచి వచ్చే రోగమే. కొరికిన పండు తినొద్దు, చచ్చినదాన్ని ముట్టొద్దు, తాటిచెట్టుకు కట్టిన లొట్టి మీద తడక కప్పాలె అని గౌండ్లోళ్లకు ఇల్లిల్లు తిరిగి చెప్పిన. గని కరోనా ఊళ్లె తిరిగింది మనిషి నుంచి మనిషికి. మర్రి మీది గబ్బిలం నుంచి కాదు. దక్షిణాసియా దేశాల గబ్బిలాల పరిశోధకులు అరవైమందికి పైగ కలిసి అదే మాట రాసి ప్రకటించిన్రు. ఆ కాయితం తెలుగుల రాసి పంచాయితి గోడకు అంటిచ్చిన. చదివినోళ్లు చదివిన్రు.

ఒక పొద్దున రంపాల చప్పుడు వినబడ్డది. నేను పోయేసరికి తూర్పు దిక్కు కొమ్మలు నేల మీద ఉన్నయి. ఏప్రిల్ నెల అది. తల్లులు పిల్లలను పొట్టకు కరుచుకుని ఉండే కాలం. కొన్ని తల్లులు పిల్లలతోనే ఎగిరినయి. కొన్ని పిల్లలు కొమ్మలతోపాటు పడ్డయి. ఒక్కొక్కటి చేతిల పట్టేంత, కండ్లు తెరిచి చూస్తున్నయి. చేతులకు తొడుగులు వేసుకుని, గుడ్డల చుట్టి, చెట్టుకు మిగిలిన మొదలు మీద పెట్టిన. రాత్రి తల్లులు వచ్చి కొన్నింటిని తీసుకపోయినయి. పొద్దటికి తొమ్మిది మిగిలినయి, అక్కడనే. చెరువు గట్టు కింద గుంత తీసింది మీ నాయిన.

ఎవరు కొట్టించిన్రని అడగకు. భయపడ్డోళ్లు. వాళ్ల పిల్లలు గూడ నా దగ్గర చదువుకున్నోళ్లే.

అప్పటి నుంచి లెక్క నిదానంగ నడుస్తున్నది. చెట్టు ఉన్న సగంలకే వచ్చినయి. నూరు తల్లులుంటే ఏడాదికి నూరు పిల్లలకు ఒకటి గూడ ఎక్కువ కాదు, అందుల బతికేటియెన్నో ఎండలే చెప్పాలె. కర్ణాటకల ముళబాగిలు దగ్గర హనుమనహళ్లి గుట్టల మీద ఒక గుహ ఉన్నది. 1994ల లోకానికి తెలిసిన కోలార్ ఆకుముక్కు గబ్బిలం లోకం మొత్తంల అక్కడొక్కచోటనే మిగిలింది. తేరహళ్లిల గూడ ఉండేది, ఇప్పుడు కనబడదు. లెక్క కట్టిననాడు రెండు వందలకు లోపే ఉండె. చుట్టు గ్రానైట్ క్వారీల పేలుళ్లు ఉండేవి. మన ఉస్మానియాల చెల్మల శ్రీనివాసులు, భార్గవి శ్రీనివాసులు ఆ గుహల కాడ ఏండ్లకేండ్లు తిరిగి వాటి అరుపులు రికార్డు చేసిన్రు, లెక్క కట్టిన్రు. క్వారీలు ఆపి ఆ గుట్టను కాపాడేదాక పోయింది పని. ఆ రెండు వందలు నాలుగు వందలు కావాల్నంటే ఎన్నేండ్లు పడ్తదో మీరే లెక్క చేయున్రి. నాకైతే ఆ ముచ్చట విన్నప్పుడల్లా గడి దూలాలు కండ్లల్ల మెదుల్తయి. ఎవరైన ఒక్కరు నాలెక్క కూసుని ఉంటే సరిపోదు, ఆపేటోళ్లు గూడ ఉండాలె.

మంట అణిగింది. చిన్నది పండుకున్నదా? లేదు, కండ్లు తెరిచి పైకి చూస్తున్నది. మంచిది.

రేపు ఆరున్నర కాకముందే కట్ట మీదికి రాన్రి, టార్చిలు తేవొద్దు. నువ్వు తూర్పు కొమ్మ, వాడు పడమటి కొమ్మ. ఎగిరిన ఒక్కొక్కదానికి చేతిల గులకరాయి ఒక జేబుల నుంచి ఇంకొక జేబులకు మార్చున్రి, నోరు విప్పొద్దు. చిన్నది నా పక్కన కూసుంటది. దానికి రాసుడు రాదు గని, కడుపుకు పిల్ల అంటుకుని ఉన్న తల్లి ఎగిరేటప్పుడు కొంచెం కిందికి వంగుతది. ఆ వంపు చూసి నాకు చెప్పుడు దాని పని.